మా పాప చెవి ఆపరేషన్‌కి ముందు మేము పడ్డ టెన్షన్ – నా అనుభవం

పోయిన సంవత్సరం మా పాపకి నాలుగేళ్ల వయసులో రెండు చెవుల్లో గ్రోమెట్లు, అంటే కర్ణభేరిలో పెట్టే చిన్న గొట్టాలు, వేయించాం. దానికి ముందు కొన్ని వారాల పాటు నాకు సరిగ్గా నిద్ర లేదు. ఎవరికి చెప్పినా "అది చాలా చిన్న ఆపరేషన్, పది పదిహేను నిమిషాల్లో అయిపోతుంది, ఎందుకంత కంగారు?" అనేవాళ్లు. నిజమే, చిన్నదే. కానీ చిన్నది అన్నంత మాత్రాన భయం పోదు, ఎందుకంటే నా భయం చెవిలో చేసే పని గురించి కాదు. పాపకి మత్తు ఇవ్వడం గురించి, ఆ తలుపు అవతల నేను పక్కన లేకపోవడం గురించి, ఇంకా అసలు ఇది చేయించాలా, కొన్నాళ్లు ఆగితే దానంతట అదే తగ్గిపోయేదేమో అన్న అనుమానం గురించి. ఈ భయాల్ని విడివిడిగా డాక్టర్ల ముందు పెట్టి సూటిగా అడిగాకే నాకు కాస్త ధైర్యం వచ్చింది. ఇప్పుడు ఎవరైనా ఇదే పరిస్థితిలో ఉంటే పనికొస్తుందని వాళ్లు చెప్పిన జవాబులతో సహా రాస్తున్నాను.

ముందు సమస్య ఏంటో చెప్తాను. పాపకి చెవి నొప్పి లేదు, జ్వరం లేదు, చీము కారడం లేదు. ఎదురుగా నిలబడి మాట్లాడితే బాగానే జవాబు చెప్పేది. వెనక నుంచి పిలిస్తే మాత్రం తిరిగేది కాదు. టీవీ సౌండ్ పెంచమనేది, ప్రతి మాటకీ "ఆఁ?" అనేది. స్కూల్లో టీచర్ కూడా అదే చెప్పారు, అందరూ కలిసి గోల చేస్తున్నప్పుడు తను చెప్పేది పాపకి అందడం లేదని, పక్క పిల్లల్ని చూసి అలాగే చేస్తోందని. ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే రెండు చెవుల్లో కర్ణభేరి వెనక ఫ్లూయిడ్ చేరింది అన్నారు. చెవి లోపలి నుంచి గొంతు వెనక్కి ఒక సన్నని గొట్టం ఉంటుంది, యూస్టేషియన్ ట్యూబ్ అంటారు. మధ్యచెవిలోకి గాలి వెళ్లేది దాని గుండానే. చిన్నపిల్లల్లో అది పొట్టిగా, సన్నగా, దాదాపు అడ్డంగా ఉంటుంది కాబట్టి జలుబు చేసినప్పుడల్లా సులభంగా మూసుకుపోతుంది. ముక్కు వెనక ఉండే అడినాయిడ్స్ అనే మెత్తని కండ వాచినా అంతే. లోపలికి గాలి ఆడకపోతే నీరు ఊరుతుంది, అది నిలవ ఉండేకొద్దీ జిగురులా చిక్కబడుతుంది. కర్ణభేరి కదలాల్సినంత కదలదు, అందుకే శబ్దం లోపలికి సరిగ్గా వెళ్లదు.

రెండు టెస్టులు చేశారు, రెండూ నొప్పి లేనివే. టింపనోమెట్రీ అనేదాంట్లో చిన్న రబ్బరు మొన చెవిలో పెట్టి గాలి ఒత్తిడిని మారుస్తారు. కర్ణభేరి బాగా కదిలితే గ్రాఫ్ మధ్యలో ఒక శిఖరం వస్తుంది. మా పాపకి రెండు వైపులా చదునైన గీత వచ్చింది. రెండోది వినికిడి పరీక్ష. హెడ్‌ఫోన్స్ పెట్టి, శబ్దం వినిపించినప్పుడల్లా ఒక బొమ్మని డబ్బాలో వేయమంటారు. పాప దాన్ని ఆట అనుకుని చాలా శ్రద్ధగా చేసింది. పక్కన కూర్చుని చూస్తుంటే నాకు వినిపిస్తున్న శబ్దానికి తను బొమ్మ పట్టుకుని అలాగే ఎదురుచూస్తూ ఉండడం నేను మర్చిపోలేను. రెండు చెవుల్లోనూ సుమారు 35 డెసిబెల్స్ దగ్గర గానీ వినడం లేదు. అంటే గుసగుసగా చెప్తే అసలు వినపడదు, మామూలు మాట కూడా దూరం నుంచి ఎవరో మెల్లగా అంటున్నట్టు ఉంటుంది, అందులోనూ స, ఫ, త లాంటి మెత్తని శబ్దాలు జారిపోతాయి.

అప్పటికప్పుడు ఆపరేషన్ అనలేదు. మూడు నెలలు ఆగుదాం అన్నారు. చాలామంది పిల్లల్లో ఈ ఫ్లూయిడ్ దానంతట అదే ఇంకిపోతుందట, అందుకే మొదట ఆగి చూడడమే పద్ధతి. మందులేమైనా రాస్తారేమో అని అడిగాను. యాంటీబయాటిక్స్ గానీ జలుబు సిరప్‌లు గానీ ఈ ఫ్లూయిడ్‌ని తగ్గించవు, అనవసరంగా వాడొద్దు అని గట్టిగా చెప్పారు. ముక్కుతో ఊదే ఒక ప్రత్యేకమైన బెలూన్ ఉంటుంది, దాంతో ఆ గొట్టం తెరుచుకునే అవకాశం ఉంది, కొంతమంది పిల్లలకి పనిచేస్తుంది అని అది ఇచ్చారు. పాప కొన్నాళ్లు సరదాగా ఊదింది, తర్వాత మొండికేసింది. ఇంట్లో ఎవరైనా సిగరెట్ తాగుతారా అని కూడా అడిగారు, ఆ పొగ వల్ల పిల్లల్లో ఇది ఎక్కువవుతుందట.

ఆ మూడు నెలలూ మేము చేసిన పనులు చిన్నవే కానీ చాలా తేడా తెచ్చాయి, ఇది మాత్రం ఆపరేషన్ చేయించినా చేయించకపోయినా అందరికీ చెప్తాను. మాట్లాడేముందు దగ్గరికి వెళ్లి, భుజం తట్టి, తన ఎత్తుకి కూర్చుని, ముఖం కనిపించేలా మాట్లాడడం. మాట్లాడేటప్పుడు టీవీ ఆపేయడం. స్కూల్లో ముందు వరసలో, టీచర్‌కి దగ్గరగా కూర్చోబెట్టమని అడగడం. పాప చిరాకు సగం అక్కడే తగ్గింది.

మూడు నెలల తర్వాత టెస్టులు మళ్లీ అలాగే వచ్చాయి. డాక్టర్ మా ముందు మూడు దారులు పెట్టారు: ఇంకొంత కాలం ఆగడం, ఫ్లూయిడ్ ఉన్నన్నాళ్లు వినికిడి యంత్రం వాడడం, లేదా గ్రోమెట్లు వేయడం. మీరే ఆలోచించుకోండి అన్నారు. ఆ మాట వినగానే నాకు కాళ్లలో సత్తువ పోయినట్టయింది. "చేయించి తీరాలి" అని ఉంటే ఒక రకంగా తేలికగా ఉండేది. నిర్ణయం మనది అన్నప్పుడు దాని బరువంతా మన మీదే. మా ఆయన ఆగుదాం అన్నారు. మా అత్తయ్య అయితే చెవిలో కోత పెడితే ఉన్న వినికిడి కూడా పోతుందేమో అని ఏడ్చేశారు. పాప మాట మాత్రం తోటి పిల్లలకంటే వెనకబడుతోంది, కొన్ని శబ్దాలు అసలు పలకడం లేదు, స్కూల్లో నెమ్మదిగా ఒంటరిగా ఉండడం మొదలుపెట్టింది. మాటలు నేర్చుకునే వయసులో ఇంకో ఆరు నెలలు పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేదు. చివరికి గ్రోమెట్లకే ఒప్పుకున్నాం.

అసలు భయాలు ఆ తర్వాత మొదలయ్యాయి.

అన్నిటికంటే పెద్దది మత్తు. పెద్దవాళ్లయితే మెలకువగా ఉండగానే చెవికి మాత్రం మత్తు ఇచ్చి చేయొచ్చట, కానీ చిన్నపిల్లలు కదలకుండా ఉండరు, కాబట్టి పూర్తి మత్తే ఇవ్వాలి. రాత్రిళ్లు ఫోన్ పట్టుకుని చదువుతూ ఉంటే, 2016లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చిన్నపిల్లలకి మత్తు ఇవ్వడం మీద హెచ్చరిక ఇచ్చిందని కనిపించింది. మెదడు ఎదుగుదల మీద ప్రభావం అన్న మాట చదివాక ఇక ఆ రాత్రి అంతే. మత్తు డాక్టర్‌ని కలిసినప్పుడు మొదట అదే అడిగాను. ఆయన విసుక్కోలేదు. ఆ హెచ్చరిక మూడేళ్ల లోపు పిల్లలకి మూడు గంటలు దాటిన మత్తు, లేదా మళ్లీ మళ్లీ ఇచ్చే మత్తు గురించి అని, మీ పాపకి నాలుగేళ్లు, పట్టేది పావుగంట అని చెప్పారు. పసికందులకి హెర్నియా ఆపరేషన్లు చేసినప్పుడు కొందరికి గంటలోపు పూర్తి మత్తు, కొందరికి మెలకువగా ఉండగానే వెన్ను మత్తు ఇచ్చి, ఐదేళ్లు వచ్చాక వాళ్ల తెలివితేటలు పరీక్షించిన ఒక పెద్ద పరిశోధన ఫలితాలు 2019లో వచ్చాయని, రెండు గుంపుల మధ్య తేడా కనపడలేదని కూడా వివరించారు. నేను ఇంటికొచ్చి అది వెతికి చదువుకున్నాను. ఆ ఒక్క జవాబుతో నా భయం సగానికి సగం దిగింది.

ఆయన కూడా మమ్మల్ని చాలా ప్రశ్నలు అడిగారు, ముందే తెలిస్తే జవాబులు సిద్ధంగా పెట్టుకోవచ్చు కాబట్టి చెప్తున్నాను. పాపకి ఆయాసం ఉందా, నిద్రలో గురక పెడుతుందా, మధ్యలో ఊపిరి ఆగినట్టు అవుతుందా, ఏ మందుకైనా అలర్జీ ఉందా, ఊగుతున్న పళ్లు ఉన్నాయా, మా రెండు వైపులా కుటుంబాల్లో ఎవరికైనా మత్తు ఇచ్చినప్పుడు విపరీతమైన జ్వరం గానీ వేరే ప్రమాదం గానీ వచ్చిందా. ఈ ఆఖరిది చాలా ముఖ్యం అన్నారు, అలాంటి లక్షణం వంశంలో రావచ్చట. ఆ రోజు సాయంత్రమే ఇద్దరం మా మా ఇళ్లకి ఫోన్లు చేసి పెద్దవాళ్లని అడిగాం.

రెండో భయం మా అత్తయ్యదే, కర్ణభేరికి చిల్లు. ఈఎన్‌టీ డాక్టర్ ఒక గ్రోమెట్‌ని నా అరచేతిలో పెట్టి చూపించారు. బియ్యపు గింజ కంటే కూడా చిన్నది, మధ్యలో రంధ్రం. కర్ణభేరిలో చిన్న గాటు పెట్టి, లోపలి ఫ్లూయిడ్‌ని పీల్చేసి, ఆ గాటులో దీన్ని కూర్చోబెడతారు. మూసుకుపోయిన గొట్టం చేయాల్సిన పని ఇది చేస్తుంది, అంటే మధ్యచెవిలోకి గాలి పంపుతుంది. కుట్లు ఉండవు, బయటికి కట్టు ఉండదు. ఎక్కువగా ఆరు నుంచి 12 నెలల్లో కర్ణభేరే దాన్ని మెల్లగా బయటికి తోసేస్తుంది, కొందరిలో ఇంకా ఆలస్యం కావచ్చు. అది పడిపోయాక చిల్లు మూసుకుంటుంది. మూసుకోకపోతే? అని అడిగాను. వందలో ఒకరిద్దరికి అలా మిగలొచ్చు, అవసరమైతే పెద్దయ్యాక ఇంకో ఆపరేషన్‌తో మూస్తాం అన్నారు. కర్ణభేరి మీద తెల్లటి మచ్చ మిగలడం మాత్రం మామూలేనట, దానివల్ల వినికిడికి సాధారణంగా ఇబ్బంది ఉండదట. "ఏమీ కాదమ్మా" అని ఆయన నన్ను పంపించేసి ఉంటే నేను నమ్మేదాన్ని కాదు, వందలో ఒకరిద్దరు అని నిజం చెప్పారు కాబట్టే నమ్మాను.

మొదట ఇచ్చిన తేదీకి పాపకి జ్వరం, దగ్గు పట్టుకున్నాయి. దాచిపెట్టి తీసుకెళ్దామా అన్న ఆలోచన ఎవరికీ రాకూడదని ఇది రాస్తున్నాను. జలుబు, దగ్గు ఉన్నప్పుడు, తగ్గాక కూడా కొన్ని వారాల పాటు పిల్లల శ్వాసనాళాలు చాలా సున్నితంగా ఉంటాయి, మత్తులో అవి ఒక్కసారిగా బిగుసుకుపోయే ప్రమాదం ఎక్కువ. ఫోన్ చేసి చెప్పాం, వాయిదా వేశారు. కొత్త తేదీ వచ్చేదాకా పాప ఒక్క తుమ్ము తుమ్మినా మా ఇద్దరి గుండెలు జారేవి.

ఖాళీ కడుపు గురించి కూడా చాలా ఆందోళన పడ్డాను. అన్నం, పాలు ఆరు గంటల ముందే ఆపేయాలి, మంచినీళ్లు రెండు గంటల ముందు వరకు ఇవ్వొచ్చు అన్నారు. మత్తులో దగ్గే శక్తి, మింగే శక్తి ఉండవు, కడుపులో ఏదైనా ఉంటే అది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, అందుకే ఈ నియమం. హాస్పిటల్‌ని బట్టి గంటలు కొంచెం మారుతాయి, వాళ్లు చెప్పిందే ఖచ్చితంగా పాటించాలి. మేము ఉదయం మొదటి కేసుగా పెట్టమని అడిగాం, చిన్నపిల్లలకి మామూలుగా అలాగే ఇస్తారట. తెల్లవారుజామున లేపి నీళ్లు తాగించి మళ్లీ పడుకోబెట్టాం. తన ముందు మేము కూడా ఏమీ తినలేదు, తాగలేదు.

పాపకి ఏం చెప్పాలన్నది ఇంకో చిక్కు. చాలా ముందు చెప్తే రోజూ భయపడుతుంది, చెప్పకపోతే మోసం చేసినట్టవుతుంది. ముందు రోజు చెప్పాం. "నీ చెవిలో నీళ్లున్నాయి, డాక్టర్ గారు తీసేస్తారు, మాస్కులో గాలి పీల్చుకుంటే నిద్రొస్తుంది, నువ్వు లేచేసరికి అమ్మ పక్కనే ఉంటుంది" అని. సూది వేయరు అని మాత్రం చెప్పలేదు, ఎందుకంటే అది మా చేతుల్లో లేదు. నిద్రపోయాకే చేతికి సూది పెడతామని మత్తు డాక్టర్ తర్వాత చెప్పారు. బొమ్మకి కప్పుతో మాస్కు పెట్టి ఆడించాం. "లేచేసరికి అమ్మ ఉంటుంది" అన్న మాట నిలబెట్టుకోవాలి కాబట్టి, తను కళ్లు తెరిచే ముందే నన్ను లోపలికి పిలవమని సిస్టర్‌ని రెండు మూడు సార్లు అడిగాను. వాళ్లు పిలిచారు కూడా.

ఆపరేషన్ రోజు ఉదయం సంతకం చేసే కాగితాల్లో ప్రమాదాలన్నీ వరసగా రాసి ఉంటాయి, ప్రాణాపాయం అనే మాటతో సహా. పెన్ను పట్టుకుని నాకు చెయ్యి ఆడలేదు. మా ఆయన చదివి సంతకం పెట్టారు. ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో ఇలాంటి చిన్న ఆపరేషన్లకి ఆ ప్రమాదం అత్యంత అరుదు, కానీ సున్నా అని ఎవరూ రాసివ్వలేరు అని డాక్టర్ అన్నారు.

పాప నిద్రపోయేదాకా నన్ను థియేటర్‌లోకి రానిచ్చారు, గౌను, టోపీ వేసుకుని వెళ్లాను. అన్ని చోట్లా రానివ్వరట, కానీ అడిగి చూడండి. ఇక్కడ ఒక విషయం నాకు ముందే చెప్పడం ఎంత మంచిదయిందో. మాస్కు పెట్టాక పిల్లలు వెంటనే హాయిగా కళ్లు మూసుకోరు. మా పాప తల అటూ ఇటూ తిప్పింది, చేతులు కాళ్లు విదిల్చింది, కళ్లు పైకి తేలాయి, ఊపిరి గురకలా వచ్చింది, తర్వాత ఒక్కసారిగా ఒళ్లు వదిలేసింది. నిమిషం కూడా పట్టలేదు. ఇలా జరుగుతుంది, అది మత్తు ఎక్కే క్రమమే, ఆ సమయం పాపకి గుర్తుండదు అని డాక్టర్ ముందే చెప్పకపోయి ఉంటే నేను అక్కడే కూలబడేదాన్ని. చెప్పినా సరే, చేతిలో ఉన్న బిడ్డ వేలాడిపోవడం చూడడం చాలా కష్టం. "ముద్దు పెట్టి వెళ్లండమ్మా, మేమున్నాం" అన్నారు సిస్టర్. బయటికి రాగానే ఏడ్చాను.

నేను కన్నీళ్లు తుడుచుకుని నీళ్లు తాగేలోపే డాక్టర్ బయటికొచ్చారు. కుడి చెవిలో బాగా చిక్కగా ఉంది, ఎడమలో కొంచెం పల్చగా ఉంది, రెండూ తీసేశాం, గ్రోమెట్లు బాగా కూర్చున్నాయి అన్నారు.

మెలకువ వచ్చాక జరిగిందే అన్నిటికంటే కష్టం, దీని గురించి ఎవరూ ఎక్కువగా మాట్లాడరు. పాప గుక్కపట్టి ఏడ్చింది, ఎత్తుకుంటే తోసేసింది, నన్ను గుర్తుపట్టనట్టు చూసింది, చేతికున్న సూది పీకేయబోయింది. ఆ మత్తుమందు నుంచి బయటికొచ్చేటప్పుడు ఈ వయసు పిల్లల్లో ఇలా తికమక రావడం తరచుగా జరుగుతుందట, నొప్పి లేకపోయినా సరే. సాధారణంగా అరగంటలోపు తగ్గిపోతుంది. బుజ్జగించడానికి మరీ ప్రయత్నించొద్దు, దెబ్బ తగలకుండా పట్టుకుని మెల్లగా మాట్లాడుతూ ఉండండి అన్నారు సిస్టర్. అలాగే కూర్చున్నాం. కాసేపటికి నా భుజం మీదే మళ్లీ నిద్రపోయి, లేచి మామూలుగా "ఆకలేస్తోంది" అంది. అదే రోజు ఇంటికొచ్చేశాం.

నొప్పికి బరువుని బట్టి పారాసెటమాల్ ఇచ్చారు, ఒకటి రెండు సార్లే అవసరమైంది. మొదటి రోజుల్లో చెవి నుంచి కొంచెం ఎరుపు కలిసిన నీరు వచ్చింది, అది మామూలే అని ముందే చెప్పారు. వినికిడిలో తేడా వెంటనే కనపడింది. బాత్రూమ్‌లో ఫ్లష్ శబ్దానికి చెవులు మూసుకుని "ఎందుకు అరుస్తోంది?" అని అడిగింది. టీవీ సౌండ్ తనే తగ్గించమంది. తర్వాత చేసిన పరీక్షలో రెండు చెవులూ మామూలు స్థాయికి వచ్చాయి. పలకని శబ్దాలు మాత్రం వాటంతట అవే రాలేదు, వాటికి స్పీచ్ థెరపీ కొన్ని నెలలు పట్టింది. ఆపరేషన్ కాగానే మాటలన్నీ సర్దుకుంటాయని ఆశ పెట్టుకున్నవాళ్లు దీనికి కూడా సిద్ధంగా ఉండండి.

ఆపరేషన్ అయిన కొన్ని నెలలకి జలుబు చేసినప్పుడు ఒక చెవి నుంచి పసుపు రంగు స్రావం కారింది. మళ్లీ మొదటికొచ్చిందా అని హడలిపోయాం. గ్రోమెట్ ఉన్న చెవిలో ఇన్‌ఫెక్షన్ వస్తే చీము లోపల నిలవకుండా ఇలా బయటికొస్తుంది, అందుకే నొప్పి కూడా పెద్దగా ఉండదు అని డాక్టర్ వివరించారు. మింగే మందులు అవసరం లేదు, యాంటీబయాటిక్ చుక్కలు చాలు అన్నారు, అవి గ్రోమెట్ రంధ్రం గుండా నేరుగా లోపలికి వెళ్తాయి. కొన్ని రోజుల్లో తగ్గింది. ఇంట్లో ఉన్న ఏవో పాత చుక్కలు మాత్రం వేయొద్దు, గ్రోమెట్ ఉన్న చెవికి అన్ని రకాలూ పనికిరావు. తలస్నానానికి వాసెలిన్ రాసిన దూది చెవి బయట పెడుతున్నాం, సబ్బు నీళ్లు లోపలికి పోకుండా. ఈత విషయంలో ఒక్కో డాక్టర్ ఒక్కోలా చెప్తారు. మా డాక్టర్ పైపైన ఈదొచ్చు, నీళ్లలో లోతుకి మునగొద్దు అన్నారు.

ఇప్పుడు కుడి చెవిలోది పడిపోయింది, చెకప్‌లో గులిమిలో దొరికింది, చిల్లు మూసుకుంది. ఎడమది ఇంకా ఉంది. కొంతమంది పిల్లల్లో గ్రోమెట్ పడిపోయాక ఫ్లూయిడ్ మళ్లీ చేరొచ్చు, అప్పుడు రెండోసారి వేయాల్సి వస్తే అడినాయిడ్స్ కూడా తీయాలా అన్నది చూస్తాం అన్నారు. అందుకే మధ్యమధ్యలో వినికిడి పరీక్ష చేయిస్తూనే ఉన్నాం. ఎడమది మరీ ఎక్కువ కాలం అలాగే ఉండిపోతే డాక్టరే తీసేస్తారట, దానికి మళ్లీ మత్తు ఇవ్వాల్సి రావచ్చు. ఎంతకాలం వరకు ఆగొచ్చు అన్నది వచ్చే చెకప్‌లో అడగాల్సిన వాటిలో మొదట రాసుకున్నాను.